ముందు పూర్వపక్షం సరిగ్గా రాద్దాం

"నీది వితండవాదం" అని ఇట్టే అనేస్తాం. న్యాయశాస్త్రంలో, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రంలో, వితండకు అర్థం మొండి వాదన కాదు. తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడం. గెలుపు కోసం చేసేది జల్పం, నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. నమ్మకం కుదరని తత్వంతో మనం చేయాల్సింది వాదమే.

అంతా శూన్యమనే బౌద్ధ తత్వం, శూన్యవాదాన్నే తీసుకోండి. "అంతా శూన్యమైతే నీ మాటా శూన్యమే, ఇంక దేన్ని ఖండిస్తావు?" అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ ప్రశ్నతోనే శూన్యవాద ఆచార్యుడు నాగార్జునుడు తన విగ్రహవ్యావర్తని గ్రంథాన్ని మొదలుపెట్టాడు! 70 కారికల్లో (శ్లోకాల్లో) మొదటి 20 ఎదుటివారి ఆక్షేపణలే. ఆయన జవాబు: శూన్యమంటే లేకపోవడం కాదు, వేరేవాటిపై ఆధారపడి పుట్టడం వల్ల సొంత స్వభావం లేకపోవడం. బండికి స్వభావం లేకున్నా కట్టెలు మోస్తుంది, కుండ నీళ్లు పడుతుంది. నా మాటా అలాగే పనిచేస్తుంది అంటాడు.

మన చెవికి శూన్యమనగానే సున్నా వినిపిస్తుంది, సున్నా అనే మాట పుట్టింది శూన్యం నుంచే మరి. పిల్లలకు ఇంగ్లిష్‌లో 'ఎంప్టీనెస్' అని చెప్పినా అదే చిక్కు. నవకంబలం అంటే కొత్త కంబళి అని తెలిసీ "తొమ్మిది కంబళ్లేవీ?" అనడాన్ని నైయాయికులు (న్యాయశాస్త్ర పండితులు) వాక్ఛలం, అంటే మాటను మరో అర్థంలోకి తిప్పే మోసం, అన్నారు. శూన్యానికి అర్థం తెలిశాక కూడా సున్నా అని వాదిస్తే అదీ ఛలమే.

అందుకే ఖండించబోయే పక్షాన్ని, అంటే పూర్వపక్షాన్ని, ముందు ఐదారు వాక్యాల్లో రాయాలి. పారిభాషిక పదాలకు వాళ్ల అర్థాలే వాడాలి, వెటకారపు విశేషణాలు తీసేయాలి. ఆ పక్షం నమ్మేవారికి చూపించి, "మేం అనేది ఇదే" అనేదాకా దిద్దాలి. ఓపిక చాలక ఎక్కువమంది వదిలేసేది ఈ పనినే.

తర్వాత ఇద్దరికీ సమ్మతమైన ప్రమాణం, అంటే నిజం తెలుసుకునే ఆధారం, వెతకాలి. ప్రత్యక్షం (ఇంద్రియాలకు తెలిసేది) తప్ప ఒప్పుకోని చార్వాకుడికి, అంటే భౌతికవాదికి, వేదవాక్యం చూపించి ఏం లాభం? ఆపైన ఆక్షేపణ ఒక్కటే వేయాలి. నాలుగు వేస్తే బలహీనమైనదానికే జవాబొస్తుంది, బలమైనది మరుగున పడుతుంది.

శూన్యవాదం మీద నా ఆక్షేపణ 29వ కారిక దగ్గర. నాకు ప్రతిజ్ఞే (నిలబెట్టాల్సిన ప్రతిపాదనే) లేదు, కాబట్టి దోషం లేదంటాడు నాగార్జునుడు. "దేనికీ స్వభావం లేదు" అన్నది ప్రతిజ్ఞ కాకపోతే, అది తప్పని తేలడానికి ఏం జరగాలి? దీనికి ఆ పక్షంవారి జవాబు వినాలని ఉంది.