ఓడినప్పుడే పుట్టే అనుమానం

ఓట్ల లెక్కింపు రోజు ఉదయం ఆధిక్యంలో ఉన్నంతసేపూ కిమ్మనని నాయకులే, మధ్యాహ్నానికి వెనుకబడగానే ఓటింగ్ యంత్రం మోసం చేసిందని ప్రకటించి, అవే యంత్రాలతో తమ పార్టీ గెలిచిన స్థానాల గురించి మాత్రం నోరు మెదపకపోవడం చూస్తే ఒళ్లు మండుతుంది. పోలింగ్ ముగిశాక ప్రతి కేంద్రంలోనూ పోలైన ఓట్ల లెక్కతో అభ్యర్థుల ఏజెంట్లకు ఇచ్చే 17సి ఫారాన్ని, లెక్కింపు నాటి అంకెలతో ఓపికగా పోల్చి చూసేవారు వీరిలో ఎందరు? (టీవీ చర్చలకు మాత్రం తీరిక ఉంటుంది.) అలాగని ఎన్నికల సంఘాన్ని వెనకేసుకురాలేను. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రపు చీటీ ఓటరుకు 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. 2019 నాటి సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో 5 కేంద్రాల చీటీలనే లెక్కించి, ఓటింగ్ యంత్రం అంకెలతో సరిచూస్తారు. అది ఎందుకు సరిపోతుందో సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పవలసిన వారు, అడిగిన ప్రతివారినీ అనుమానంగా చూస్తే నమ్మకం ఎలా కలుగుతుంది?