సవరణ: నూనె రంగులు వాన్ ఐక్ కనిపెట్టినవి కావు

మొన్నటి పోస్టులో "నూనె రంగులను కనిపెట్టింది డచ్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్" అని రాశాను. ఒకే వాక్యంలో రెండు తప్పులు!

ముందు ఆ కనిపెట్టడం సంగతి. ఇటలీ చిత్రకారుడు వసారి 1550లో అచ్చు వేయించిన కథ అది. నేనూ సరిచూసుకోకుండా ఎత్తి రాసేశాను. నిజానికి 12వ శతాబ్దంలోనే థియోఫిలస్ అనే సన్యాసి అవిసె నూనెలో రంగు నూరడం గురించి రాశాడు. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో ఇంకా పాత నూనె రంగులే బయటపడ్డాయి. వాన్ ఐక్ గొప్పతనమంతా వాడిన తీరులో ఉంది: పల్చటి పొర, అది ఆరాక దానిమీద ఇంకో పొర. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న 1434 నాటి ఆర్నోల్ఫిని దంపతుల బొమ్మలో గోడ మీది గుండ్రటి అద్దం చూడండి. బొమ్మ మొత్తం ఎత్తే 82 సెంటీమీటర్లు. ఆ బుల్లి అద్దంలో దంపతుల వీపులు, గుమ్మంలో నిలబడ్డ మరో ఇద్దరు కూడా కనిపిస్తారు!

ఇక "డచ్" అన్న మాట. ఆయన స్థిరపడింది బ్రూజ్‌లో, అంటే ఫ్లాండర్స్‌లో, ఇప్పటి బెల్జియంలో. 1441లో పోయాడు. డచ్ రిపబ్లిక్ (ఇప్పటి నెదర్లాండ్స్‌కు మూలమైన దేశం) పుట్టింది ఆ తర్వాత వందేళ్లు దాటాకే. "డచ్" ఉన్న చోట "ఫ్లెమిష్", అంటే ఫ్లాండర్స్‌కు చెందిన, అని చదువుకోండి. పాత పోస్టులో వాక్యం మార్చేశాను.