చక్కెరకే షుగర్ లేదంట

నేను చెప్పేది మ్యాథ్స్. మొన్న శనివారం దాకా ఈ సంగతి మా స్కూల్లో అందరికీ తెలుసనే అనుకున్నా. సైన్స్ సార్ చుట్టాల పెళ్ళని వరంగల్ పోయాడు, అదే రోజు ఓపెన్ హౌస్, అంటే పేరెంట్స్ వచ్చి క్లాసు వెనక కుర్చీల్లో కూర్చుని కట్టిన ఫీజు ఎటు పోతోందో చూసుకునే రోజు, పొద్దున్నే కోఆర్డినేటర్ మేడమ్ నా చేతిలో ఒక కాగితం పెట్టి "నైన్త్ బి సార్, జస్ట్ ఒక యాక్టివిటీ, స్టెప్స్ అన్నీ ఇందులోనే ఉన్నాయి" అన్నారు. ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ అంట. సరే.

పిల్లలు ఇంట్లోంచి తెచ్చిన వాటిల్లో షుగర్ ఉందో లేదో చూడాలి. టెస్ట్ ట్యూబ్‌లో కొంచెం శాంపిల్, అంతే బెనెడిక్ట్ ద్రావణం, అదే మైలుతుత్తం ఉండే నీలం నీళ్ళు, పోసి మరిగే నీళ్ళ బీకర్‌లో నిలబెట్టాలి. ద్రాక్ష రసం, పాలు, ఉల్లిగడ్డ రసం, గంజి, ఆఖర్న చక్కెర నీళ్ళు. కాగితంలో చక్కెర పక్కన ఫలితం రాయలేదు, "పరిశీలించండి" అని మాత్రం ఉంది. రాసినవాళ్ళు కనబడితే వాళ్ళని పరిశీలిద్దామని ఉంది నాకు.

ట్యూబులు బీకర్‌లో దిగాయో లేదో వెనక వరసలోంచి ఒక తాత లేచాడు. మనవడి కోసం వచ్చాడంట. "సారూ, గీ నీలి నీళ్ళు నాకెరుకే. ఎనకట దవాఖానల షుగర్ పరీక్ష గిట్లనే చేస్తుండె. ఒంటేలు పోసి కాగబెడ్తుండె."

నిజమే, గ్లూకోమీటర్లు రాకముందు మూత్రం పరీక్ష దీంతోనే. కానీ ఇప్పుడు చెప్పాలా అది? ముందు బెంచీ అమ్మాయి తన పాల ట్యూబ్‌కి దూరంగా జరిగింది, టిఫిన్ బాక్సుల మూతలు టపటపా పడ్డాయి, ఒకడైతే ద్రాక్షలు పక్కోడి బ్యాగులో తోసేశాడు. తాతకి ఇంకా హుషారొచ్చి రంగులు చెప్పడం మొదలుపెట్టాడు, ఆకుపచ్చ అయితే ఒక ప్లస్సు, పసుపు రెండు, నారింజ మూడు, ఇటుక రంగొస్తే నాలుగు, ఇగ సూదే. క్లాసంతా ఆయన వైపు తిరిగి నోట్స్ రాసుకుంటున్నారు. నా క్లాసులో ఏనాడూ రాయని వాడు కూడా.

సరిగ్గా ఆయన చెప్పినట్టే వచ్చాయి. ద్రాక్ష ఇటుక రంగు, పాలు నారింజ, ఉల్లిగడ్డ కూడా నారింజే, గంజి నీలం. ఇక చక్కెర. నేనేమో "ఇప్పుడు చూడండి అసలు మజా" అని అనౌన్స్ చేసి ఉన్నా. ట్యూబ్ పైకెత్తి చూస్తే నీలం. మళ్ళీ పెట్టి కాసేపాగి ఎత్తా, నీలం. ఇంకో చెంచా చక్కెర వేశా, వత్తి పెంచా, ట్యూబ్‌ని లైటు వైపు తిప్పి ఈ కోణంలో కాస్త పచ్చగా ఉందేమో అని కూడా అన్నా. "లేదు సార్, నీలమే" అని క్లాసు మొత్తం ఒకే గొంతుతో. ఎక్కాలు చెప్పమంటే రాదు ఆ గొంతు.

"చక్కెరకే షుగర్ లేదంట, మరి నాకెట్లొచ్చె సారూ?" అన్నాడు తాత. పేరెంట్స్ పగలబడి నవ్వుతున్నారు. "ఉల్లిగడ్డకి మూడు ప్లస్సులు, చక్కెరకి సున్నా. మా డాక్టరు ఇన్నేండ్ల సంది ఉల్టా చెప్తున్నడన్నట్టు."

అప్పుడు మేడమ్ ముందుకొచ్చి, అందరూ వింటుండగా, "చక్కెర ఎక్స్‌పైరీ డేట్ చూశారా సార్?" అన్నారు.

బెల్లు కొట్టారు.

స్టాఫ్‌రూమ్‌లో పుస్తకం తీస్తే అరపేజీలో ఉంది మొత్తం. ఈ టెస్టు అన్ని షుగర్లకీ కాదు, రెడ్యూసింగ్ షుగర్లకే, అంటే రాగికి ఎలక్ట్రాన్లు ఇచ్చి దాన్ని ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ చేసేవాటికి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పాలల్లో లాక్టోజ్ ఇస్తాయి. మనం చాయ్‌లో వేసుకునే చక్కెర సుక్రోజ్, అందులో గ్లూకోజూ ఫ్రక్టోజూ పెళ్ళిపీటల మీద జంటలాగా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చుంటాయి, రాగికివ్వడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ముందు కాస్త డైల్యూట్ యాసిడ్‌తో మరిగించి విడగొట్టి, తినే సోడాతో ఆ యాసిడ్‌ని చంపి, అప్పుడు టెస్టు చేస్తే చక్కెర కూడా ఎర్రబడుద్ది. ఆ బెనెడిక్ట్ అనే అమెరికా ఆయన వందేళ్ళ కిందటే తన పేపర్ టైటిల్‌లోనే రెడ్యూసింగ్ షుగర్స్ అని పెట్టుకున్నాడు. మా మేడమ్ కాగితంలో ఆ ఒక్క మాటకి చోటు చాల్లేదు, అడుగున స్కూల్ లోగోకి మాత్రం చాలింది.

ఇవాళ పొద్దున ఆఫీసు నుంచి పిలుపు, ఎవరో పేరెంట్ లైన్లో ఉన్నారని. ఆ తాత కోడలు. మామయ్యగారు శనివారం నుంచి చాయ్‌లో చక్కెర దండిగా వేసుకుంటున్నారంట, కూరలో ఉల్లిగడ్డ మాత్రం ఏరి పక్కన పెడుతున్నారంట, అదేంటంటే మ్యాథ్స్ సారు లెక్కగట్టి చూపించిండు అంటున్నారంట. "మా మాట వినట్లేదు సార్, కొంచెం మీరే చెప్పండి" అందావిడ. సుక్రోజ్ ఒంట్లోకి పోయాక విడిపోయి గ్లూకోజూ ఫ్రక్టోజూ అవుతుందమ్మా అని నేను మొదలుపెట్టేలోపే ఫోన్ చేతులు మారింది.

"సారూ, బెల్లం సంగతేంది?"