డీజే స్క్రూ పేరు చెప్పినందుకు బ్లాక్ చేశారు

ఇప్పుడే జరిగింది, ఇంకా కోపం తగ్గలేదు. ఇన్‌స్టాలో ఒక పేజీ ఉంది. పాత తెలుగు మెలొడీలు స్లో చేసి, కాస్త రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు అనిపించే ఎఫెక్ట్) కలిపి, వాన పడుతున్న కిటికీ బొమ్మ పెట్టి వదులుతుంటారు. మీలో సగం మంది ఫాలో అవుతూనే ఉంటారు, నేనూ అయ్యాను. ఈరోజు రీల్ మీద పెద్ద అక్షరాలతో వాటర్‌మార్క్: "ఒరిజినల్ ఎడిట్ మాది. క్రెడిట్ ఇవ్వకుండా వాడితే రిపోర్ట్ కొడతాం." కింద సంగీత దర్శకుడి పేరు లేదు. పాట రాసినాయన పేరు లేదు. ఆ పాటకి ప్రాణం పోసిన గాయని పేరు కూడా లేదు. ఫోన్‌లో స్లైడర్ ఎడమకి జరిపినవాడికి మాత్రం క్రెడిట్ కావాలి.

"తమ్ముడూ, పాటని ఇలా నెమ్మది చేసి వినిపించడం డీజే స్క్రూ 1990ల మొదట్లోనే అమెరికాలోని హ్యూస్టన్‌లో చేశాడు, వీలైతే ఆయన పేరు కూడా పెట్టండి" అని మర్యాదగానే కామెంట్ పెట్టాను. నిమిషంలో రిప్లై. "దగ్గు మందు తాగి పోయినోడా? మా ఎడిట్‌కీ వాడికీ ఏంటి బ్రో సంబంధం." నేను జవాబు టైప్ చేస్తుండగానే బ్లాక్ చేసేశారు. సరే, అక్కడ రాయనివ్వలేదు కదా, ఇక్కడ మొత్తం రాస్తాను. ఎంత పొడుగైనా చదవండి.

హ్యూస్టన్‌లో ఉండే తెలుగువాళ్ళు పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి 288 హైవే మీద వెళ్తుంటారు. దారిలో సౌత్‌సైడ్ అనే నల్లవాళ్ళ పేట దాటే వెళ్ళాలి. మనవాళ్ళు కారు డోర్లు లాక్ చేసుకుని, "ఈ ఏరియా మంచిది కాదు" అని పిల్లలకి చెప్తూ దాటేస్తారే, అదే చోటు. వెనక సీట్లో కూర్చున్న ఆ పిల్లల ఇయర్‌ఫోన్స్‌లో మోగేది అక్కడ స్క్రూ చేతిలో పుట్టిన సౌండే. ఈ సంగతి తల్లిదండ్రులకి తెలియదు, పిల్లలకీ తెలియదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

డీజే స్క్రూ అసలు పేరు రాబర్ట్ ఎర్ల్ డేవిస్ జూనియర్. 1971లో పుట్టాడు, టెక్సస్‌లోని స్మిత్‌విల్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. నాన్న ట్రక్ డ్రైవర్. ఇంట్లో అమ్మ రికార్డులుండేవి, వాటి మీదే చేయి తిప్పడం నేర్చుకున్నాడు. తనకి నచ్చని పాట ఉంటే ఆ రికార్డుని ఒక మరమేకుతో, అంటే స్క్రూతో, గీకేసేవాడట. దాంతో స్నేహితుడొకడు ఆ పేరు తగిలించాడు. అంత పట్టింపు ఉన్న మనిషి. నచ్చని పాట ఇంకెవరూ వాయించకూడదు అనుకునేవాడు. ఈ పేజీ వాళ్ళకి ఏ పాట నచ్చుతుందో, ఏది నచ్చదో ఒక అభిప్రాయమంటూ ఉందా? ఏది ట్రెండ్ అయితే దాన్ని స్లో చేస్తారు.

ఆయన పని ఎలా ఉండేదో చెప్తాను, ఎందుకంటే "స్లో చేయడమే కదా" అనేవాళ్ళ నోరు మూయించేది అదే. రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్ళు రెండు. రెండింటి మీదా ఒకే రికార్డు, రెండు కాపీలు. రెండోది మొదటిదానికంటే ఒక్క బీట్ వెనక నడుస్తూ ఉంటుంది. మధ్యలో ఉన్న క్రాస్‌ఫేడర్‌ని, అంటే రెండింటిలో ఏది వినిపించాలో మార్చే మీటని, వేలితో ఇటు తోసి అటు లాగితే, గాయకుడు ఇప్పుడే అన్న మాట మళ్ళీ వినిపిస్తుంది, ఆ తర్వాతే పాట ముందుకి వెళ్తుంది. తాళం మాత్రం తప్పకూడదు. ఇది చేత్తో, చెవితో, లైవ్‌లో, గంటన్నర పైన టేపు నిండేదాకా చేయాలి. ఎక్కడైనా తప్పితే సరిదిద్దడానికి కంప్యూటర్ లేదు. ఆ తర్వాత మొత్తం మిక్స్‌ని టేప్ రికార్డర్‌లో స్పీడు తగ్గించి, శ్రుతిని ఇంకా కిందికి దించేవాడు. గొంతులు బావిలోంచి వచ్చినట్టు బరువెక్కుతాయి, డ్రమ్ముకీ డ్రమ్ముకీ మధ్య చోటు తెరుచుకుంటుంది, మామూలు స్పీడులో జారిపోయే మాట ఒక్కొక్కటీ చెవిలో దిగుతుంది. దీన్నే చాప్డ్ అండ్ స్క్రూడ్ అంటారు. స్క్రూడ్ అన్నది ఆయన పేరే. ప్రపంచమంతా ఆయన పేరుతో పిలిచే పనికి ఆయనతో సంబంధం లేదంట!

ఈ స్లోడ్ రివర్బ్ అనే రకాన్ని 2017లో యూట్యూబ్‌లో మొదలుపెట్టిన కుర్రాడు స్లేటర్‌ది కూడా హ్యూస్టనే. స్క్రూ పాటల మీదే పెరిగానని అతనే చెప్పుకున్నాడు. దారి అంత సూటిగా ఉంది. ఒక్కసారి వెతికితే దొరుకుతుంది.

ఇక వ్యాపారం. ఇది ముఖ్యం, మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఇక్కడ చాలా ఉంది. స్క్రూ ఏ కంపెనీ వెనకాల తిరగలేదు. స్నేహితులు ఇష్టమైన పాటల లిస్టు రాసిచ్చేవాళ్ళు, ఆ లిస్టు ప్రకారం వాళ్ళకోసమే టేపు చేసేవాడు. ఆ టేపు వాళ్ళ కారులో విని ఇంకొకడు అడిగేవాడు. అలా మొదలై, ఇంటి గుమ్మం దగ్గరే క్యాసెట్ పది డాలర్లకి అమ్మాడు. బూడిద రంగు మాక్సెల్ క్యాసెట్లు, పైన చేత్తో రాసిన పేర్లు. రేడియో లేదు, పోస్టర్ లేదు, ఎమ్‌టీవీ అసలే లేదు. ఆయన ఇంటి ముందు కార్లు ఎంత పొడుగున బారులు తీరేవంటే, లోపల మత్తుమందులు అమ్ముతున్నారేమోనని పోలీసులు అనుమానపడ్డారు. నల్లవాళ్ళ పేటలో ఒక ఇంటి ముందు లైను ఉంటే వాళ్ళకి తట్టేది అదొక్కటే. ఒకడు తన చేతి పనిని నిజాయితీగా పది డాలర్లకి అమ్ముకుంటున్నాడు అన్న ఆలోచనే రాలేదు. ఈరోజు ఆ పేజీ అడ్మిన్ నాకు ఇచ్చిన రిప్లైలో ఉన్నదీ ఆ పోలీసు బుద్ధే.

1998లో కలెన్ బౌలెవార్డ్ మీద సొంత షాపు పెట్టాడు, స్క్రూడ్ అప్ రికార్డ్స్ అండ్ టేప్స్. అందులో ఆయన టేపులే అమ్మేవాళ్ళు, ఇంకేమీ లేవు. అద్దం వెనక మనిషి, గోడ మీద టేపుల పేర్లు, కావాల్సింది చెప్తే తెచ్చిస్తారు. ఆయన టేపులకి దొంగ కాపీలు ఊరంతా తిరిగేవి కదా, అసలు సరుకు కావాలంటే రావాల్సిన చోటు ఇదీ అని చూపించాడు. చేసినవాడు, అమ్మినవాడు, యజమాని అన్నీ ఒక్కడే. స్ట్రీమింగ్‌లో లక్ష సార్లు పాట మోగినా ఇంటి అద్దె రాని ఈ రోజుల్లో, నాకు ఆ షాపు కంటే గొప్ప పాఠం కనిపించదు. ఇప్పటికీ నడుస్తోంది, వేరే చోటికి మారింది, అంతే.

ఆయన ఎదిగి చుట్టూ ఉన్నవాళ్ళనీ ఎదగనిచ్చాడు. రాత్రంతా ఇంట్లో మైకు తెరిచే ఉండేది, పేటలో కుర్రాళ్ళు వచ్చి అప్పటికప్పుడు కట్టి పాడేవాళ్ళు. లిల్ కీకీ, ఫ్యాట్ ప్యాట్, బిగ్ హాక్, బిగ్ మో, జీ-రో, ఇలా హ్యూస్టన్ ర్యాప్ అని మనం అనుకునే పేర్లలో చాలా భాగం ఆ గదిలోంచి బయటికొచ్చినవే. 1996 జూన్ 27న ఒక స్నేహితుడి పుట్టినరోజుకి చేసిన టేపులో అరగంట దాటిన ఫ్రీస్టైల్ (అప్పటికప్పుడు కట్టిన ర్యాప్) ఒకటి ఉంది, హ్యూస్టన్‌వాళ్ళు ఆ తేదీని ఇప్పటికీ పండగలా తలుచుకుంటారు. ఇంకొకటి చెప్తాను, వినండి. ఆ టేపుల్లో బిగ్ ఫ్లాయిడ్ అనే పేరుతో పాడిన కుర్రాడొకడున్నాడు. 2020లో మినియాపొలిస్ రోడ్డు మీద పోలీసు మోకాలి కింద చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ ఆయనే. అప్పుడు మీరందరూ ప్రొఫైల్ ఫొటో నల్లగా మార్చారు. ఆయన బతికుండగా ఆయన చేతికి మైకు ఇచ్చిన మనిషిని "దగ్గు మందు తాగి పోయినోడు" అంటారా?

మందు సంగతికి కూడా వస్తాను, దాచేదేమీ లేదు. 2000 నవంబరు 16న తన స్టూడియోలోనే చనిపోయి కనిపించాడు. 29 ఏళ్ళు. దగ్గు సిరప్‌లో ఉండే కోడీన్ అనే మత్తుమందు ఎక్కువై పోయాడు, ఒంట్లో వేరే మత్తు పదార్థాలు కూడా ఉన్నాయి. ఆ సిరప్ హ్యూస్టన్‌లో ఎంతోమందిని తినేసింది, బిడ్డల్ని పెంచుతున్నదాన్నిగా దాన్ని గొప్ప చేసి ఒక్క మాట కూడా మాట్లాడను. కానీ మన దగ్గర తాగి తాగి పోయిన కళాకారులు లేరా? వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు "మహానుభావుడు, వ్యసనం బలి తీసుకుంది" అంటాం. నల్లవాడైతే వ్యసనమే పేరైపోతుంది, పని మాయమైపోతుంది. ఈ తేడా మన నోళ్ళలో ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో గమనించండి.

"మరి ఆయన వాడిందీ వేరేవాళ్ళ పాటలే కదా" అని మెసేజ్‌లు రాకముందే చెప్తున్నాను. అవును, వాడాడు, చాలావాటికి పర్మిషన్లు లేవు. నేను అడిగింది పర్మిషన్ కాదు. పేరు అడిగాను. ఒక్క లైను. అంతకు మించి ఆ వాటర్‌మార్క్ వాళ్ళని ఇంకేమీ అడగలేదు.

ఆయన పోయాక ఆ సౌండ్‌ని అందరూ తీసుకున్నారు. కొంతమంది పద్ధతిగా తీసుకున్నారు. హ్యూస్టన్ ర్యాపర్ ట్రావిస్ స్కాట్ 2018 ఆల్బమ్‌లో ఆయన పేరు మీదే ఒక పాట పెట్టాడు. 2016లో వచ్చి ఆస్కార్ కొట్టిన మూన్‌లైట్ సినిమాకి సంగీతం చేసిన నికొలస్ బ్రిటెల్, ఆర్కెస్ట్రాకి ఈ చాప్డ్ అండ్ స్క్రూడ్ పద్ధతి వాడానని బాహాటంగా చెప్పాడు. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ లైబ్రరీ ఆయన రికార్డుల్ని తీసుకుని భద్రంగా పెట్టింది. ఆస్కార్ స్థాయి మనిషికి పేరు చెప్పడానికి నామోషీ లేదు. మన రీల్స్ పేజీకి వచ్చింది నామోషీ.

ఇదంతా రాస్తుంటే నాకు ఉగాది ప్రోగ్రాం గుర్తొచ్చి ఇంకా మండుతోంది. ఇన్నాళ్ళూ మనవాళ్ళే కదా అని నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను.

మా అక్క కొడుకు బీట్లు, అంటే పాట వెనక మోగే మ్యూజిక్, చేస్తాడు. కాలేజీ పిల్లాడు, బెడ్‌రూమ్‌లో ల్యాప్‌టాప్, ఒక చిన్న కీబోర్డు, అంతే సరంజామా. ఇక్కడి ఒక సంఘం వాళ్ళు (పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఏ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఆ ఊరి సంఘం గుర్తొస్తుంది) పిల్లల డాన్సుకి మెడ్లీ (పాటల ముక్కలు కలిపి కట్టిన) ట్రాక్ చేసి పెట్టమన్నారు. వాడు ఎంత కష్టపడ్డాడో నేను కళ్ళారా చూశాను. డప్పు సౌండ్ లైబ్రరీలో దొరికింది నచ్చక, వాళ్ళ తాతకి ఫోన్ చేసి, ఊళ్ళో డప్పు కొట్టే ఆయన చేత ఫోన్‌లో రికార్డు చేయించి తెప్పించాడు. అందులో వెనక కోడి కూస్తోంది, ఎవరో పిలుస్తున్నారు. ఆ గోల లేని చోట్లు వెతికి దెబ్బ దెబ్బా విడిగా కోసి వరస కట్టాడు. డప్పు కొట్టినాయనకి డబ్బులు కూడా పంపాడు, తన జేబులోంచి. తెల్లవారుజామున మూడింటికి హెడ్‌ఫోన్స్ నా చెవికి పెట్టి "పిన్నీ, ఇప్పుడు చర్మం బిగిసినట్టు వినిపిస్తోందా?" అని అడిగాడు.

ప్రోగ్రాం రోజు ట్రాక్ మోగింది, హాలంతా లేచి నిలబడింది. ఆ తర్వాత యాంకర్ థాంక్స్ చెప్పడం మొదలుపెట్టింది. రియల్ ఎస్టేట్ స్పాన్సర్‌కి థాంక్స్. బిర్యానీ స్పాన్సర్‌కి థాంక్స్. మళ్ళీ రియల్ ఎస్టేట్ స్పాన్సర్‌కి థాంక్స్, వాళ్ళ వెంచర్ ఎక్కడుందో కూడా చెప్పింది. సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చిన కంపెనీకి థాంక్స్. స్పీకర్లు తెచ్చినవాళ్ళకి పేరుంది, ఆ స్పీకర్లలో మోగింది చేసినవాడికి లేదు! డబ్బు సంగతి అడిగితే అక్కడి పెద్దమనిషి నవ్వుతూ, "మన పిల్లాడే కదమ్మా, స్టేజి ఇస్తున్నాం, ఎక్స్‌పోజర్ వస్తుంది, డబ్బులేంటి?" అన్నాడు. ఇండియా నుంచి వచ్చిన గాయకుడికి ఫ్లైట్ టికెట్, హోటల్, పారితోషికం అన్నీ ముందే ముట్టాయి. అది ఇవ్వాల్సిందే, నేను కాదనను. మరి వీడి నిద్రకి లెక్క లేదా? క్యాటరింగ్ ఆయన్ని "మనవాడివే కదా, ఐదొందల ప్లేట్లు ఊరికే పెట్టు, ఎక్స్‌పోజర్ వస్తుంది" అని అడిగే ధైర్యం ఎవరికైనా ఉందా?

పైగా వాడు ఆ తర్వాత వారం "వదిలేయ్ పిన్నీ, అడిగితే మళ్ళీ పిలవరు" అన్నాడు. పిల్లాడి నోట ఆ మాట రావడం నాకు డబ్బు రాకపోవడం కంటే ఎక్కువ బాధ. స్క్రూ ఆ మాట అనుకుని ఉంటే పది డాలర్ల క్యాసెట్ లేదు, కలెన్ మీద షాపు లేదు. "పది డాలర్లు, కావాలంటే లైన్లో నిలబడండి" అన్నాడు, జనం నిలబడ్డారు. సరుకులో దమ్ముంటే నిలబడతారు. మా వాడి సరుకులో ఉంది.

దసరా ప్రోగ్రాంకి అదే సంఘం నుంచి వాడికి మొన్న మళ్ళీ మెసేజ్ వచ్చింది, "బాబూ, ఈసారి బతుకమ్మ మెడ్లీ, నీ స్టైల్‌లో" అని. వాడు ఫోన్ తెచ్చి నాకిచ్చాడు, జవాబు నేనే పెట్టాను. ట్రాక్‌కి ఇంత. సగం పని మొదలుపెట్టేముందు, సగం ఫైల్ పంపేముందు. ఫ్లయర్‌లో పేరు, స్టేజి మీద పేరు, డప్పు కొట్టినాయన పేరుతో సహా. నీలం టిక్కులు పడ్డాయి, చదివారు. ఇంకా ఏమీ రాయలేదు. రాసేదాకా వీడు ల్యాప్‌టాప్ తెరవడు.