సేవకుడికి సేవ: ఒక అత్యవసర నివేదిక

మొన్ననే ఫిజీలో మూడు వారాల స్వచ్ఛంద సేవ ముగించుకుని వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే చెబుతున్నాను: సేవలో ఉన్న తృప్తి ఇంకెందులోనూ లేదు. కాకపోతే ఆ మూడు వారాల్లో సేవ చేసిందెవరు, చేయించుకున్నదెవరు అన్న చిన్న సాంకేతిక సందేహం ఒకటి మిగిలిపోయింది. నన్ను పంపిన సంస్థ ఫారంలో దానికి గడి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫిజీలో 330కి పైగా దీవులున్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది వీతి లెవు. దాని ఉత్తరాన, రా అనే ప్రాంతంలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరిని ఉద్ధరించే పని నాకు అప్పగించారు. నా బాధ్యతలు మూడు. పిల్లలకి ఇంగ్లీషు నేర్పాలి, ఆటల్లో తర్ఫీదు ఇవ్వాలి, ఊరి హాలు మరమ్మతుకి చెయ్యి వెయ్యాలి.

ఇంగ్లీషు సంగతి ముందు చెబుతాను. ఆ పిల్లలు ఇంట్లో వాళ్ళ ఈతౌకేయి (ఫిజీ మూలవాసుల) భాష, బడిలో ఇంగ్లీషు, బజారుకెళ్తే ఫిజీ హిందీ మాట్లాడతారు. మొదటిరోజు నేను బోర్డు మీద రాసి ‘వెడ్-నెస్-డే’ అని విడమరిచి పలికాను. రెండో వరసలోంచి ఒక పాప లేచి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా ‘వెన్స్‌డే, సర్’ అంది. నివేదికలో ‘విద్యార్థుల్లో ఆత్మవిశ్వాసం పెంపొందించాను’ అని రాశాను. అబద్ధం కాదు కదా.

ఇక ఆటలు. ఫిజీ జనాభా పది లక్షలైనా లేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో, జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్ ఫైనల్లో బ్రిటన్‌ని 43–7తో ఓడించి బంగారు పతకం కొట్టుకుపోయింది. ఆ దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి పతకం. ఆ సంబరంలో ఏకంగా ఏడు డాలర్ల నోటు అచ్చేశారు. ఐదూ కాదు పదీ కాదు, ఏడు! అలాంటి దేశపు పిల్లలకి బంతి పట్టుకోవడం నేర్పడానికి, కాలేజీ క్రికెట్ జట్టులో పన్నెండో ఆటగాడిగా మంచినీళ్ళు మోసిన నన్ను పంపారు. పదకొండేళ్ళ కుర్రాడొకడు బంతితో నా మీదుగా వెళ్ళాడు. పక్కనుంచి కాదు, మీదుగానే.

మరమ్మతు విషయంలో మాత్రం నవ్వు రాదు. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను, ఐదో కేటగిరీది, ఆ తీరం మీదే విరుచుకుపడింది. దేశంలో 44 మంది పోయారు. కప్పులు ఎగిరిపోయిన ఇళ్ళని మళ్ళీ నిలబెట్టుకున్న మనుషుల మధ్య నేను సుత్తి పట్టుకుని నిలబడ్డాను. మూడో మేకుకి నా బొటనవేలు చితికింది. ఐదుగురు పని ఆపేసి నా చుట్టూ చేరారు. ఒకరు నీళ్ళు, ఒకరు గుడ్డ, ఒకరు ఆకు పసరు, ఇద్దరు ఓదార్పు. ఆ ఐదుగురి గంటన్నర సమయం ఫారంలో ‘స్థానికుల భాగస్వామ్యం’ అన్న గడిలో నా ఖాతాకే జమ అయింది.

లెక్కలు రాసుకునే సంప్రదాయం ఆ నేలకి కొత్తేం కాదు లెండి. రాకిరాకి దగ్గర కింగ్స్ రోడ్డు పక్కనే రాతు ఉంద్రె ఉంద్రె అనే పాతకాలపు దొర సమాధి ఉంది. ఆయన తిన్న ఒక్కో మనిషికి ఒక్కో రాయి చొప్పున పేర్చాడని చెబుతారు. 1849లో ఒక మతబోధకుడు వెళ్ళి లెక్కపెడితే 872 తేలాయట. సేవా సంస్థల వాళ్ళు తమ ‘లబ్ధిదారుల సంఖ్య’ను అంత నిజాయితీగా ఎప్పుడు లెక్కపెడతారో అని అక్కడ నిలబడి కాసేపు ఆలోచించాను.

అసలు సేవ సాయంత్రాలు మొదలయ్యేది. ఏ ఊరికి వెళ్ళినా ముందు పెద్దమనిషి ముందు యాంగోనా అనే మొక్క వేళ్ళ కట్ట పెట్టి అనుమతి అడగాలి. దాన్ని సెవుసెవు అంటారు. ఆ వేళ్ళని దంచి, నీళ్ళలో పిసికి, తనోవా అనే కొయ్య గిన్నెలోంచి కొబ్బరి చిప్పతో అందిస్తారు. బయటివాళ్ళు కావా అనేది దీన్నే. ఒక చప్పట్టు కొట్టి, ‘బులా’ అని, ఒక్క గుక్కలో తాగేసి, మళ్ళీ మూడు చప్పట్లు. రుచి బురదనీళ్ళది, ఫలితం మాత్రం సున్నితం: నాలుక మొద్దుబారుతుంది. వృక్షశాస్త్రం ప్రకారం ఇది మన తమలపాకు, మిరియాల కుటుంబమే. బంధువే కాబట్టి మొహమాటం లేకుండా తాగాను. మొదటి రాత్రి ‘గ్రామీణ నాయకత్వం’ మీద నేను సిద్ధం చేసుకున్న ప్రసంగం మూడో చిప్ప తర్వాత నోట్లోంచి బయటికే రాలేదు. ఆ ఊరికి నా వల్ల జరిగిన మొదటి మేలు అదే అనుకుంటాను.

స్నేహం గురించి ఒక హెచ్చరిక. అక్కడ ఊరికే స్నేహితుడిగా ఉండనివ్వరు, ఏదో ఒక వరస తగిలిస్తారు. పక్కింటి కుర్రాడు నన్ను ‘తవాలె’ అన్నాడు. తవాలె అంటే మేనత్త కొడుకో మేనమామ కొడుకో, మన లెక్కలో సాక్షాత్తూ బావ. మనలాగే మేనరికపు వరసలకి వేరే పేరు పెట్టుకున్న జనం వాళ్ళు. బావని ఎంత ఆటపట్టించినా తప్పు లేదన్న రాజ్యాంగ సూత్రం కూడా యథాతథంగా అమల్లో ఉంది. మేనల్లుడిని ‘వసు’ అంటారు. మేనమామ సొత్తులో వాడు ఏది అడిగినా కాదనకూడదు. దీనికి తోడు కెరెకెరె అని ఒక ఆచారం ఉంది. అయినవాళ్ళు ‘ఇస్తావా’ అని అడిగితే ఇవ్వాల్సిందే. మా తవాలె రెండోరోజే నా కొత్త బూట్లు అడిగాడు. అతని పాదం ముందు ఆ బూట్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ‘నీకు పట్టవు కదా బావా?’ అంటే, ‘నాకు కాదు, మేనల్లుడు అడిగాడు’ అన్నాడు. అలా నా బూట్లు రెండు ఆచారాల మధ్య నలిగి ఆ సాయంత్రమే మైదానంలో పరిగెత్తాయి. ‘వస్తు సహాయం: ఒక జత.’

నృత్యం కూడా సేవలో భాగమేనని నాకు అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. హాలు ప్రారంభోత్సవానికి మెకె ఆడాలన్నారు. మెకె అంటే పాట, ఆట, కథ కలిసిన వాళ్ళ సంప్రదాయ నృత్యం. లాలి అంటే మనకి జోలపాట. అక్కడేమో లాలి అంటే తొలిచిన దుంగతో చేసిన వాద్యం, దాని దెబ్బకి నిద్రపోయినవాడు లేచి కూర్చుంటాడు. మొదట నన్ను మగవాళ్ళ ఈటె నృత్యంలో నిలబెట్టారు. అందరూ కుడికి తిరిగిన క్షణంలో నేను ఎడమకి తిరిగాను. నా చేతిలో ఈటెకి బదులు చీపురుకర్ర ఉండటం వల్ల మాత్రమే మా తవాలె చెవి దక్కింది.

దాంతో నా హోదా తగ్గించి వకమలోలోలో వేశారు. అది కూర్చుని ఆడే మెకె. చిన్నపిల్లల పక్కన, చివరి వరసలో కూర్చోబెట్టారు. కూర్చుని ఆడేదాంట్లో తప్పేం చేస్తాంలే అనుకున్నాను. చెయ్యొచ్చు. తల ఒకవైపు, నడుము ఒకవైపు, అరచేతులు మూడోవైపు వెళ్ళాలి, మొహం మాత్రం నవ్వుతూ ఉండాలి. ఒక ముసలావిడ నా ఎదురుగా చాప మీద కూర్చుని, నా మణికట్టు తన రెండు వేళ్ళతో పట్టుకుని, మళ్ళీ మళ్ళీ తిప్పి వదిలేది. ఆవిడ చేతులు యాంగోనా వేరులాగే ముడతలు పడి గట్టిగా ఉండేవి. నేను తప్పు చేసిన ప్రతిసారీ ‘వినాక, వినాక’ అనేది. వాళ్ళ భాషలో అది ధన్యవాదం. తెలుగులో చూసుకున్నా నూటికి నూరుపాళ్ళు సరైన మాటే: ఇన్ని రోజులూ చెప్పింది వినకే కదా అలా ఆడాను.

ప్రారంభం నాడు నా ఆట చూసి జనం కేకలు పెట్టారు. ఇద్దరు పెద్దావిడలు వచ్చి నా తల మీద, మొహం మీద టాల్కం పౌడరు గుమ్మరించారు. అక్కడ ఆడేవాళ్ళని మెచ్చుకునే పద్ధతి అది. మొహం దాచడానికి కూడా పనికొస్తుందని నా అనుమానం. ఆ తర్వాత పక్కపక్కన నిలబడి నడుముల మీద చేతులేసుకుని ముందుకీ వెనక్కీ అడుగులేసే తరాలాలా మొదలైంది. అందులో ఎవరూ తప్పు చెయ్యలేరు. ఫోటోలన్నీ దానివే పంపాను.

కాబట్టి సంబంధిత అధికారులకి నా విన్నపం: నేర్పడం, తినిపించడం, కట్టు కట్టడం, మణికట్టు తిప్పడం ఇకనుంచి స్వచ్ఛంద సేవగా గుర్తించి, ఆ ఊళ్ళో ఇంటింటికీ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫ్రేముల ఖర్చు నాలాంటివాళ్ళు కట్టిన ప్రోగ్రాం ఫీజులోంచి తీసుకోవచ్చు. ఆ ఫీజులో ఊరికి చేరిందెంత అని అడిగితే సంస్థవారు నాకు ఒక చిరునవ్వు ఎమోజీ పంపారు.

చివరి వారం ‘క్షేత్ర పర్యటన’. అంటే ఊరేగడం. బూట్లు పోగొట్టుకున్నవాడిని కాబట్టి ఈసారి కెరెకెరె నేనే ప్రయోగించి, మా తవాలె మేనమామ దగ్గరున్న క్యారియర్ ట్రక్కు అడిగాను. వెనకాల బెంచీలు, పైన టార్పాలిన్, మధ్యలో గిటారు. కింగ్స్ రోడ్డు మీద కొరొవౌ మీదుగా సువా, అక్కణ్ణుంచి క్వీన్స్ రోడ్డు పట్టుకుని సింగతోకా, నాండి, లౌతోకా, బా చుట్టి మళ్ళీ ఊరికి. ఊళ్ళలో స్పీడు బ్రేకర్ వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు ‘బులా’ అనేవారు, వెనకాల పదిమందీ తిరిగి ‘బులా’ అనేవారు. సువాలో రాత్రి క్లబ్బులో గడిపింది ‘తులనాత్మక నృత్య అధ్యయనం’. సింగతోకా ఇసుక దిబ్బల మీంచి జారింది ‘తీర ప్రాంత కోతపై ప్రత్యక్ష పరిశీలన’.

బా దాటాక, చెరుకు బండ్ల పట్టాలు రోడ్డుని అడ్డంగా కోసే చోట, టీ కోసం ఆగాం. కొట్టు పెద్దాయనకి ఎనభై దాటి ఉంటాయి. నా మొహం చూసి ఫిజీ హిందీలో ఎక్కడివాడివని అడిగి, తెలుగువాడినని చెప్పగానే బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు. వాళ్ళ తాత మద్రాసు రేవులో ఓడెక్కినవాడట. దక్షిణాది కూలీల ఓడలు ఫిజీకి రావడం 1903లో మొదలైంది. ఐదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంట్ అన్న మాట నోరు తిరగక ‘గిర్మిట్’ అన్నారు, దాంతో వాళ్ళకి గిర్మిటియాలన్న పేరు పడింది.

‘నువ్వూ గిర్మిట్ మీద సంతకం పెట్టే వచ్చావా బాబూ?’ అన్నాడు.

‘పెట్టానండీ. మూడు వారాలకి.’

‘మా తాతకి రోజుకో షిల్లింగు అని రాసిచ్చారు. చెప్పిన పనంతా చేస్తేనే. నీకెంత?’

‘నాకు వాళ్ళివ్వరండీ. నేనే వాళ్ళకి కట్టాను.’

పెద్దాయన టీ వడకట్టడం ఆపేశాడు. లోపలికి తిరిగి భార్యని పిలిచాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ‘ఇప్పుడు చెప్పావే, అది మళ్ళీ చెప్పు’ అన్నాడు నాతో.

మళ్ళీ చెప్పాను. టీకి డబ్బులు తీసుకోలేదు.