ఆర్వీ పార్కులో అసలు తలనొప్పి పక్కవాళ్లు కాదు, కరెంటు పెట్టె

అమెరికాలో ఆర్వీలు, అంటే వంట, పడక అన్నీ లోపలే ఉండే ఇల్లులాంటి బండ్లు, ఒక్కోటి ఒక్కో సైటులో నిలుపుకునే పార్కుల మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావరకు పక్కవాళ్ల మీదే. కుక్క మొరుగుతోంది, మా సైటులోంచి అడ్డంగా నడిచిపోయారు, క్యాంప్‌ఫైర్ పొగ కిటికీలోకి కొడుతోంది, రాత్రి పది దాటినా జనరేటర్ ఆపలేదు. చికాకులే, కాదనం. అయితే ఇవి ఆఫీసుకు ఒక మాట చెబితే సర్దుకునేవి, లేదా తెల్లారితే పోయేవి. జేబుకు చిల్లు పెట్టేది మాత్రం సైటు పక్కన ఉండే కరెంటు పెట్టె.

ఆ పెట్టెలోని 30 ఆంపుల సాకెట్ నుంచి వచ్చేది 3,600 వాట్లే. పైకప్పు ఏసీ ఒక్కటే సుమారు 13 ఆంపులు లాగుతుంది. వాటర్ హీటర్ కరెంటు మీద పెడితే ఇంకో 12. ఆపైన మైక్రోవేవ్ నొక్కితే బ్రేకర్ పడటం ఖాయం. అద్దె బండిలో గ్రాండ్ క్యానియన్‌కు బయల్దేరే మన తెలుగు కుటుంబాలు రైస్ కుక్కర్‌ని కూడా ఈ లెక్కలో వేసుకోవాలి. ఇంతవరకు తప్పు పార్కుది కాదు.

పార్కును తప్పుపట్టాల్సింది వోల్టేజీ విషయంలో. చిన్న బండ్ల రోజుల్లో వేసిన వైర్ల మీదే ఇప్పుడు రెండేసి ఏసీల బండ్లు నడిపిస్తున్న పార్కులున్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం అన్ని ఏసీలూ ఒకేసారి తిరిగితే, వరస చివరి సైట్లలో 120 ఉండాల్సిన వోల్టేజీ 110 కిందికి జారుతుంది. వోల్టేజీ తగ్గేకొద్దీ కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. పెట్టెకూ బండికీ మధ్య పెట్టుకునే ఈఎంఎస్ అనే రక్షణ పరికరం 104 వోల్టుల దగ్గర లైన్ కోసేసి దాన్ని కాపాడుతుంది. వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకితే మాత్రమే ఆపే చవక సర్జ్ ప్రొటెక్టర్ ఆ పని చేయదు. రెండూ ఒకటే అనుకుని మోసపోయేవాళ్లు చాలామంది.

నీళ్ల సంగతి తేలిక. కొన్ని పార్కుల్లో నీళ్ల ప్రెషర్ 80 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దాటుతుంది. బండి పైపులకు 40 నుంచి 60 చాలు. ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్‌ను కుళాయికే బిగించాలి, అప్పుడు హోస్ కూడా పగలకుండా ఉంటుంది.

మురుగు గొట్టం దగ్గర తప్పు చాలాసార్లు మనదే. ఫుల్ హుక్‌అప్ (కరెంటు, నీళ్లు, మురుగు మూడూ సైటులోనే) కదా అని బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ ట్యాంక్) వాల్వ్ తెరిచి వదిలేస్తే నీళ్లు జారిపోయి, మలం అడుగున గట్టిపడి గుట్టకడుతుంది. మూసే ఉంచి, మూడింట రెండొంతులు నిండాకే వదలాలి. తర్వాత సింకు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంక్ వదిలితే ఆ సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. కానీ మురుగు గుంత మూతిని బండి వాల్వ్ కంటే ఎత్తున కట్టిన సైటుకు ఫుల్ హుక్‌అప్ ధర తీసుకోవడం మాత్రం అన్యాయమే. వెబ్‌సైట్లో చెట్ల ఫొటోలు పెడతారు గానీ ఆ గుంత ఎక్కడుందో చూపించరు.

అందుకే సైటుకు చేరగానే బండిని నిలబెట్టే జాక్‌లు దించకముందే పెట్టె మూత తీసి చూడాలి. సాకెట్ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ నల్లబడి ఉన్నా, ప్లగ్ వదులుగా ఊగుతున్నా అది వాడొద్దు. బాగానే ఉంటే బ్రేకర్ ఆపి ప్లగ్ పెట్టి, మళ్లీ వేసి, ఏసీ తిరుగుతుండగా వోల్టేజీ చూడాలి. 108 కంటే తక్కువుంటే వేరే సైటు అడగండి, అదీ ఆఫీసు మూసేలోపే.