ముందు పాల లెక్క రాయండ్రా, క్లోన్‌లు తర్వాత

అన్నా కోడింగ్ నేర్చుకుంటున్నా, ఏం ప్రాజెక్ట్ చేయమంటావ్ అని అడిగే తమ్ముళ్లందరికీ ఒకేసారి చెప్పేస్తున్నా, ఆ నెట్‌ఫ్లిక్స్ క్లోన్ అమెజాన్ క్లోన్ (అచ్చం అలాంటి సైట్‌నే కాపీ కొట్టి కట్టడం) గోల ముందు ఆపండి. వీడియో పాజ్ చేసుకుంటూ రాత్రంతా టైప్ కొడితే దాన్ని డిక్టేషన్ అంటారు. రెజ్యూమేలో ఘనంగానే కనపడుద్ది, ఇంటర్వ్యూలో ఈ లైన్ ఎందుకు రాశావ్ బాబూ అంటే మాత్రం ఫ్యాన్ వంక చూడటమే.

ఇంట్లో పాల లెక్క ఉంటుంది కదా, అమ్మ క్యాలెండర్ మీద గీతలు పెట్టుకునేది, అది పైథాన్‌లో రాయండి. నవ్వకండి. మా బాబాయ్ కొడుకు చేత ఇదే చేయించా. రెండు రోజుల పాలు కూడితే 1, 1 కలిపి 11 లీటర్లు వచ్చాయి వాడికి 😂 ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఏదైనా స్ట్రింగే (ఉత్త అక్షరాలే), ఫ్లోట్‌లోకి (దశాంశ నంబర్‌లోకి) మార్చుకోవాలి అని కోర్సులో విన్నాడంట. విన్నాడు, అంతే. తర్వాత ప్రోగ్రాం మూసి తెరిస్తే లెక్క మాయం, సరే ఫైల్‌లో దాచరా అంటే డబ్ల్యూ మోడ్‌లో ఓపెన్ చేశాడు, అది తెరవగానే పాతదంతా తుడిచేస్తుంది కాబట్టి రోజూ నిన్నటి లెక్క గల్లంతు. పాతదాని కిందే కొత్తది చేర్చే అపెండ్ మోడ్ ఇక జన్మలో మర్చిపోడు. ఫైల్ మధ్యలో ఓ ఖాళీ లైన్ తగిలి, దాన్ని నంబర్‌గా మార్చలేక వాల్యూఎర్రర్ వచ్చింది, దాంతో ఎర్రర్ వచ్చినా ప్రోగ్రాం కూలకుండా పట్టుకునే ట్రై ఎక్సెప్ట్ కూడా అయిపోయింది.

చాట్‌జీపీటీ నిమిషంలో రాసిచ్చేస్తది కదా అంటారు. ఇస్తది. ఆ 11 లీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో మీరు ఎప్పుడు చూస్తారు మరి?

ఇంకోటి, వేరే లాంగ్వేజ్ మొదలెట్టినప్పుడు కొత్త ఐడియా కోసం తిరగొద్దు, అదే పాల లెక్క మళ్లీ రాయండి. గో లాంగ్వేజ్‌లో స్ట్రింగ్‌ని నంబర్ చేసే పార్స్‌ఫ్లోట్ ఆ నంబర్‌తో పాటు ఎర్రర్‌ని కూడా చేతిలో పెడుతుంది, దానికోసం కొత్త వేరియబుల్ పెట్టి వాడకుండా వదిలేశారా, అసలు కంపైలే అవ్వదు, అంటే ప్రోగ్రాం మొదలే కాదు. పైథాన్ అయితే రన్ అవుతూ అవుతూ మధ్యలో కూలబడేది. లెక్క పాతదే కాబట్టి ఇలాంటి తేడాలు ఇట్టే కళ్లకి కడతాయి.

దీనికి జాబ్ ఇస్తారా అన్నా అంటే, ఎవరూ ఇవ్వరు. కానీ ఫైల్ ఎందుకు ఖాళీ అయిందో నోరారా చెప్పే కుర్రాడు దొరికితే ఇంకో రెండు ప్రశ్నలు అడగబుద్ధేస్తుంది, ఇంటర్వ్యూలు తీసుకునేవాడిగా చెప్తున్నా. పాల లెక్క అయిపోయినవాళ్లు కరెంట్ బిల్లు పట్టుకోండి, స్లాబ్ స్లాబ్‌కీ రేటు మారుద్ది, ఇలా అయితే ఇది, లేకపోతే అది అని రాసే ఇఫ్ ఎల్స్ దూల తీరిపోద్ది.